కదలని మచ్చ

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. వాళ్ళ కాలంలో ఎక్స్‌రే లేదు గనక నిజాన్ని దేవుడి నెత్తిన పెట్టేసి చేతులు దులుపుకున్నారు. ఈ కథ జరిగిన లాబులో ఆ సౌకర్యం లేదు. అక్కడ నీటిని పంపేది పంపు. నిజాన్ని పంపాల్సింది కోతల మాస్టారు.

కోతల మాస్టారంటే గొప్పలు కోసే మనిషనుకునేరు! పాపం, నోట్లో వేలు పెడితే కొరకలేని రకం. ఆయన కోసేది గొట్టాన్ని. అదీ కత్తితో కాదు, నీడతో. లోహపు గొట్టంలో నీరు ఈలలేసుకుంటూ పరిగెడుతుంటుంది, అందులో బుడగలు చేరి గడబుడ చేస్తుంటాయి. బయటినుంచి చూసేవాడికి గొట్టమే కనిపిస్తుంది, గుట్టు కనిపించదు.

ఆసుపత్రి స్కానింగు మీరెరిగిందే. మనిషిని బల్లమీద పడుకోబెట్టి "ఊపిరి బిగపట్టండి, కదలకండి" అంటారు. మనిషికి ప్రాణభయం, వింటాడు. నీటికి ఏం భయం? ఎక్స్‌రే అన్నా ఆగదు, ఒరే అన్నా ఆగదు. ఆ యంత్రం ఒక చుట్టు తిరిగొచ్చేలోపల నీరు ఊరు దాటిపోతుంది. అందుకని ఈ లాబులో యంత్రాన్ని కదలనివ్వరు, కిరణాన్ని తిప్పుతారు. గొట్టం చుట్టూ ఒక లోహపు కడియం. ఆ కడియాన్ని ఎలక్ట్రాన్ల పుంజం కనపడని కొరడాలాగా చుట్టూ కొడుతూ పోతుంది. దెబ్బపడ్డ చోటల్లా ఎక్స్‌రే పుట్టి, గొట్టంలోంచి దూసుకెళ్ళి, అవతల వరసగా కూర్చున్న యంత్రపు కళ్ళలో నీడై పడుతుంది. రెప్పపాటులో వందల చుట్లు, చుట్టుకో కోత. కీరకాయని చక్రాలు తరిగినట్టు పరిగెత్తే నీటిని పరుగులోనే తరిగి, ముక్కలు మళ్ళీ పేర్చి సినిమాగా చూపించడం మాస్టారి పని. కోతల మాస్టారని పేరు పెట్టింది స్వయానా ఆయన బావ.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే కొంప ముంచింది ఆ సంగతే. యంత్రపు కళ్ళకి కూడా మన కళ్ళలాగే రోగాలొస్తాయి. ఒకటి మసకేస్తుంది, ఒకటి లేనిది చూస్తుంది. అలాంటి కన్ను ఒకటున్నా ప్రతి బొమ్మలోనూ ఒకే చోట ఒక మరక పడుతుంది. లాబులో దాన్ని నలక అంటారు. నలకలు ఏరడానికి కంప్యూటరులో ఒక జల్లెడ పెట్టుకున్నారు. దాని న్యాయం చాలా సులువు: అన్ని బొమ్మల్లోనూ కదలకుండా ఒకే చోట ఏది ఉన్నా తీసిపారెయ్. గొట్టం గోడ కదలదు, తీసెయ్. నలక కదలదు, తీసెయ్. మిగిలింది నీరూ, బుడగా. మాస్టారు ఉద్యోగంలో చేరకముందే ఎవరో "కదిలేదే నిజం" అని పెద్దక్షరాలతో రాసి గోడకి అంటించారు. చేరినవాళ్ళందరికీ మొదటిరోజు పాఠం అదే. ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. అలా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నవాళ్ళని మాత్రం ఏ జల్లెడా ఏరలేదు మరి.

ఆ ఊరి చివర ఒక ఫ్యాక్టరీ. అక్కడ మరిగే నూనెని ఒక లావుపాటి ఉక్కు గొట్టంలో తిప్పుతారు. యంత్రాలన్నిటికీ వేడి దాన్నుంచే అందాలి. ఆ నూనెని ఇంకా వేగంగా పరిగెత్తించాలని పైవాళ్ళకి బుద్ధి పుట్టింది. గొట్టం ఒకచోట మోచెయ్యిలా వంగుతుంది. వేగం పెంచితే ఆ వంపు దగ్గర ఏమవుతుందో చూసి చెప్పమని లాబుకి అప్పజెప్పారు. లాబువాళ్ళు ఆ వంపుకి పల్చటి అల్యూమినియంతో కవలని చేయించి, నూనెకి బదులు వేడినీళ్ళు పరిగెత్తించి, రోజుల తరబడి తరిగారు. జల్లెడ పట్టారు. బుడగలు బుద్ధిమంతుల్లా వరసగా వస్తున్నాయి, పోతున్నాయి. "లోపల అంతా సవ్యం" అని మాస్టారు సంతకం పెట్టారు.

ఆ ఫ్యాక్టరీలో ఆ వంపు పక్కనే నిలబడి నూనె వాల్వు చక్రం తిప్పే మనిషి మాస్టారి బావ.

అక్క పెళ్ళినాటికి మాస్టారు నిక్కర్లేసుకునేవారు. కొత్త పెళ్ళికొడుకు కొత్త పెళ్ళికూతుర్ని వెనక సీటు మీదా, బావమరిదిని ముందు కడ్డీ మీదా ఎక్కించుకుని ఊరంతా సైకిలు తొక్కాడు. "కట్నం వద్దంటే కడ్డీ మీద కోతినిచ్చారు" అని దారిపొడవునా అందరికీ చెప్పాడు. ఇద్దరికీ జుట్టు నెరిసినా ఆ సైకిలు దిగనట్టే ఉంటుంది వాళ్ళ మాటల వరస.

ఆవేళ పొద్దున్నే బావ ఫోను.

"ఏమోయ్ కోతలూ! వెలుగులోకొచ్చావా, ఇంకా నీడల్లోనే ఉన్నావా?"

"లాబులోనే ఉన్నా బావా. ఏంటి, పొద్దున్నే అంత హుషారు?"

"ఇవాళ మా నూనెకి ప్రమోషను. మధ్యాహ్నం నా చేత్తో చక్రం తిప్పి వేగం పెంచుతున్నా. పెద్ద ఇంజనీరు పక్కనుండి చప్పట్లు కొడతాట్ట. అన్నట్టు, మీ అక్క సాయంత్రం భోజనానికి రమ్మంది. నువ్వు రాకపోతే నీ వంతు కూడా నాకే పెడుతుంది. నా పొట్ట పగిలితే పాపం నీదే."

"పగలదులే. వేగం ఎంత పెంచినా ఢోకా లేదని నేనేగా సంతకం పెట్టింది."

"అందుకేరా భయం," అని పకపకా నవ్వి బావ ఫోను పెట్టేశాడు.

మాస్టారు కూడా నవ్వుకుంటూ కుర్చీలో కూర్చున్నారు. ఆ నవ్వుకి ఆయుష్షు ఎంతో లేదు.

ఆ పూట ఆయన చేస్తున్నది పెద్ద పనేం కాదు. లాబు ముందు హాల్లో వచ్చేపోయేవాళ్ళ కోసం ఒక తెర పెట్టారు. దానిమీద వేసేందుకు పంపు మొదలైనప్పట్నుంచి ఆగేదాకా ఒక చిన్న సినిమా చేసిపెట్టమని డైరెక్టరమ్మ అడిగారు. జల్లెడ నిలకడగా పారే నీటికే పనికొస్తుంది. వేగం ఎక్కుతూ దిగుతూ ఉంటే బొమ్మంతా చెడగొడుతుంది. అందుకని మాస్టారు జల్లెడ తీసేసి, పచ్చి బొమ్మల్నే పేర్చి నడిపించారు.

మొదట నీరు నిలిచి ఉంది. బొమ్మ శుభ్రం. పంపు మొదలైంది. నీరు కదిలింది, నురగ వచ్చింది, వేగం పెరిగింది. అప్పుడు వంపు లోపలి అంచున సూదిమొనంత నల్లటి చుక్క పుట్టింది. నీరు ఎంత పరిగెడితే అది అంత లావెక్కింది. చుట్టూ బుడగలు కొట్టుకుపోతున్నాయి. అది మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు అక్కడే కూర్చుంది. జలగ పట్టినట్టు గోడని పట్టుకుంది. పంపు నెమ్మదించగానే చిక్కిపోయింది. నీరు ఆగేసరికి మాయమైంది.

మాస్టారి చేతిలో కాఫీ కప్పు కాఫీతోనే చల్లారిపోయింది.

కంటిలో నలకైతే నీరు పారినా ఆగినా అక్కడే ఉండాలి. పంపు ఆగిందన్న కబురు నలకకి ఎవరు చెబుతారు? అంటే ఆ మచ్చ కంటిలో లేదు. నీటిలో ఉంది. వంపు లోపలి అంచున నీరు గోడని వదిలేసి పోతోంది. ఆ ఖాళీలో ఆవిరి గూడు కట్టుకుంది. గూడు అంచున ఆవిరి బుడగలు క్షణానికిన్ని పేలుతూ గోడని కొరుకుతున్నాయి. అన్ని రోజులూ అది అక్కడే కూర్చుని గోడ తింటోంది. కదలడం లేదు కాబట్టి అబద్ధమని జల్లెడ దాన్ని తీసి పారేసింది. బుద్ధిమంతులైన బుడగల్ని చూసి మాస్టారు సంతకం పెట్టారు.

ఆయన గోడమీది "కదిలేదే నిజం" వైపు ఒకసారి చూశారు. తర్వాత కదిలారు. మామూలుగా మెట్లు దిగడానికే రెండుసార్లు ఆలోచించే మనిషి, డైరెక్టరమ్మ గదికి పరిగెత్తుకుంటూ వెళ్ళారు.

డైరెక్టరమ్మ నిండుకుండ. తొణకరు. మాస్టారు చూపించింది మొత్తం చూశారు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ చూశారు.

"మాస్టారూ, ఇది నలక కాదని ఎంత గట్టిగా చెప్పగలరు?"

"నా బావ దాని పక్కన నిలబడ్డాడు మేడమ్. అంత గట్టిగా."

"అక్కడే వచ్చింది చిక్కు. రేపు వాళ్ళూ అదే అంటారు, బావ కోసం భయపడ్డాడని. పోయినసారి ఇంకో చోట మనం తొందరపడి ఆపించాం. లోపల ఏమీ లేదు. అప్పట్నుంచి మన మాటకి విలువ ఎంతో మీకు తెలుసు. ఇప్పుడు మళ్ళీ ఆపమని, తర్వాత కాదంటే, మూడోసారి నిజంగా ఇల్లంటుకున్నా ఎవరూ నీళ్ళు తేరు. కవల గొట్టం ఇంకా బిగించే ఉంది. పంపు వెయ్యండి. జల్లెడ లేకుండా నా కళ్ళతో చూస్తాను. చూసిన మరుక్షణం నేనే ఫోను చేస్తాను."

ఆవిడ మాటలో తప్పులేదు. తప్పంతా గడియారంలో ఉంది. మధ్యాహ్నం దాటిపోతోంది.

వరండాలో పరిగెడుతూనే మాస్టారు బావకి ఫోను కలిపారు.

"బావా, చక్రం తిప్పకు!"

"తిప్పేశాన్రా. నీకంటే ఇంజనీరుకి తొందరెక్కువ, చప్పట్లు కూడా అయిపోయాయి."

"బావా, వంపు దగ్గర ఏమన్నా చప్పుడొస్తోందా?"

"నీకెలా తెలుసు? గులకరాళ్ళు దొర్లుతున్నట్టుంది లోపల. ఇంజనీరు ఏమన్నాడో తెలుసా, వేడెక్కితే నూనె కూడా నోరు చేసుకుంటుంది, మీ ఆవిడలాగే, అన్నాడు. ఆయనకి ఇంట్లో వినే అలవాటు లేదు కాబోలు."

మాస్టారు నవ్వలేదు. బావకి అది అర్థమైంది.

"ఏరా?"

"నా బొమ్మ తప్పు బావా. వంపు లోపల గోడ కొరుక్కుపోతోంది. ఆపించు."

అవతల కాసేపు గులకరాళ్ళే మాట్లాడాయి.

"నా చేతిలో ఉంటే ఈపాటికి నీ దగ్గరుండేవాణ్ణి. ఇంజనీరు చెప్పకుండా ఆపితే రేపట్నుంచి నన్ను కూడా ఆపేస్తారు. ఆయన్ని అడిగితే మీ కాగితమే చూపిస్తాడు, నీ బావమరిది సంతకమేగా ఇది అని. మీ డైరెక్టరమ్మ చేత చెప్పించు. ఈలోపు నేను చక్రం దగ్గరే ఉంటా."

"దూరంగా ఉండు!"

"చక్రం ఇక్కడుందిరా, దూరంగా ఉండి ఏం తిప్పమంటావ్, మీసమా?"

లాబులో ఎక్స్‌రే బయటికి రాకుండా సీసపు తలుపు మూశారు. ఎర్రదీపం వెలిగింది. కవల గొట్టం ఉన్న గదిలోకి ఇక చీమ కూడా పోకూడదు. తలుపు ఇవతల మాస్టారూ డైరెక్టరమ్మా తెర ముందు నిలబడ్డారు. పంపు గొంతు సవరించుకుంది, గురకపెట్టింది, తర్వాత అరిచింది. నీరు ఫ్యాక్టరీ వేగాన్ని అందుకుంది.

మచ్చ వచ్చింది. పొద్దున మాస్టారు చూసిన పాత బొమ్మలోకంటే పెద్దగా వచ్చింది. గోడ అంచు ఇదివరకు గీత గీసినట్టుండేది. ఇప్పుడు ఎలుక కొరికిన కాగితంలా ఉంది.

డైరెక్టరమ్మ కళ్ళజోడు తుడుచుకోలేదు. ఒక చేత్తో ఫోను తీసి పెద్ద ఇంజనీరుకి కలిపారు. "నేను మాట్లాడుతున్నాను. మా రిపోర్టు తప్పు. ఇప్పుడే నూనె ఆపండి. అవును, రాసిస్తాను. ఎంత కాగితం కావాలంటే అంత రాసిస్తాను, ముందు ఆపండి!"

అవతలి మనిషి మాట స్పీకరులో వినిపించింది. "సరే మేడమ్, మీరే అంటున్నారు కాబట్టి సరే. పైకెళ్ళి ఎర్ర బటను నొక్కేస్తే చిటికెలో ఆగుతుంది." పెట్టేశాడు.

మాస్టారి ఊపిరి తిరిగొచ్చింది. డైరెక్టరమ్మ రెండో చెయ్యి చాపి, ఇక్కడి పంపుకి కూడా ఎర్ర బటను నొక్కారు. చూడాల్సింది చూసేశాం కదా అని.

పంపు టక్కున ఆగింది.

సీసపు తలుపు వెనక పిడుగు పడ్డట్టయింది. గాజు గ్లాసులు గలగలలాడాయి. తర్వాత తలుపు కింది సందులోంచి వేడి నీళ్ళు పొగలు కక్కుతూ, ఎవరో పిలిచినట్టు, మెల్లగా వాళ్ళ కాళ్ళ దగ్గరికొచ్చాయి.

ఇద్దరూ తెర వంక తిరిగారు. యంత్రం చివరిదాకా బొమ్మలు తీస్తూనే ఉంది. మాస్టారు వాటిని వెనక్కి తిప్పి, ఒక్కొక్కటే ముందుకు జరిపారు. పంపు ఆగిన క్షణాన ముందున్న నీరు తన ఊపులో తాను పోయింది, వెనకనుంచి తోసే నీరు లేదు. మధ్యలో ఖాళీ. మచ్చ ఒక్కసారిగా ఉబ్బింది. గొట్టమంతా తానే అయింది. తర్వాత పోయిన నీరు వెనక్కి తిరిగొచ్చింది. మచ్చ ముడుచుకుని, ముడుచుకుని, ఒక చుక్కై, ఆ చుక్క చప్పున మూసుకుంది. తర్వాతి బొమ్మలో గోడ లేదు.

"ఆపడమే దాన్ని పగలగొట్టింది," అన్నారు డైరెక్టరమ్మ. ఆవిడ గొంతు తొణికింది.

అక్కడ ఇంజనీరు ఎర్ర బటను దగ్గరికి మెట్లెక్కుతున్నాడు.

ఆవిడ ఇంజనీరుకి ఫోను కలుపుతూనే ఉన్నారు. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఆ హోరులో జేబులో మోగే ఫోను ఎవరికి వినపడుతుంది? మాస్టారు బావకి కలిపారు. బావ మాత్రం ఎత్తాడు, అన్నమాట ప్రకారం చక్రం దగ్గరే ఉన్నాడు గనక.

"బావా, ఇంజనీరు ఎక్కడ?"

"మెట్లెక్కుతున్నాడు. శుభవార్త, ఆపేస్తాట్ట."

"ఆపనివ్వకు! టక్కున ఆపితే వంపు పేలుతుంది. మాది ఇప్పుడే పేలింది. ఆపనివ్వకు బావా!"

"ఇందాక ఆపమన్నావ్, ఇప్పుడు ఆపొద్దంటావ్, నువ్వసలు..." అని బావ మాట మింగేశాడు. తర్వాత ఆయన అరుపు వినిపించింది. "సార్! ఓ సార్! ఆగండి!" హోరు. "చెవుల్లో దూదులు పెట్టుకున్నాడ్రా దున్నపోతు!" తర్వాత డబ్బామీద రాయి పడ్డట్టు చప్పుడు, ఎవరిదో కెవ్వుమన్న కేక.

"బావా! ఏమైంది?"

"ఏం లేదు. నా హెల్మెట్ తీసి ఆయన వీపుమీద గిరాటేశా. వెనక్కి తిరిగాడు. ఇప్పుడు నన్ను కొట్టడానికి దిగొస్తున్నాడు, మంచిదే."

ఆ తర్వాత కొంతసేపు ఇద్దరు మనుషులు ఒకళ్ళ మొహంమీద ఒకళ్ళు అరుచుకున్నారు. చివరికి ఇంజనీరు మాటే పైకి వినిపించింది. "అయితే ఎలా ఆపాలి? ఆపకపోయినా పేలుతుందంటున్నారు, ఆపినా పేలుతుందంటున్నారు!"

మాస్టారు పొద్దున సినిమాని కళ్ళముందు పెట్టుకున్నారు. పంపు నెమ్మదించినప్పుడు మచ్చ దానంతటది చిక్కిపోయింది. పేలలేదు. "బావా, మీ పంపు వేగం తగ్గించొచ్చా?"

"ఇది పాత మొండిది. తిరిగితే పూర్తిగా తిరుగుతుంది, ఆగితే టక్కున ఆగుతుంది. వేగమంతా ఈ చక్రంతోనే."

"వాల్వు వంపుకి ముందుందా, దాటాకా?"

"దాటాక."

"అయితే చక్రం మెల్లగా మూయాలి. చాలా మెల్లగా. చప్పుడు ఒక్కసారిగా ఆగిపోకూడదు, పల్చబడాలి. నేను ఇక్కణ్ణుంచి వింటాను."

అన్నాక గానీ ఆయనకి తట్టలేదు, ఆ చక్రం తిప్పేవాడు ఎక్కడ నిలబడాలో. వంపు పక్కన. మూరెడు దూరంలో.

"అందరూ బయటికి!" అంటున్నాడు ఇంజనీరు. "నువ్వు కూడా!"

"నేను కూడా పోతే చక్రం ఎవరు తిప్పుతారు సార్, మీ తాతగారా? మీరు పదండి." బావ ఫోనుని చొక్కా జేబులో వేసుకున్నట్టున్నాడు, గుడ్డ రాపిడి వినిపించింది. "ఒరే కోతలూ. నువ్వు మాట్లాడుతూ ఉండు. అబద్ధాలైనా సరే, మాట్లాడుతూ ఉండు."

ఎప్పుడూ మాటలు కరువైపోయే మాస్టారు ఆవేళ మాట్లాడారు. చక్రం కిర్రుమంటే "ఊఁ, చాలు, ఆగు" అన్నారు. గులకరాళ్ళ చప్పుడు ఒక్కసారి ఎక్కువైంది. "తొందరపడ్డావ్, వెనక్కి కొంచెం. అదీ. ఇప్పుడు ఆగు. ఊపిరి తీసుకో." డైరెక్టరమ్మ వేడినీళ్ళలో పాదాలు తడుస్తున్నా కదలకుండా ఆయన ఫోను వంకే చూస్తున్నారు. బొమ్మ లేదు. ఆ గొట్టం చుట్టూ కడియం లేదు, కిరణం లేదు. మచ్చ ఎంతుందో, గోడ ఎంత మిగిలిందో చూపించేవాళ్ళు లేరు. ఉన్నది చెవి ఒక్కటే.

"చెమట కళ్ళలోకి పోతోందిరా," అన్నాడు బావ ఒకసారి.

"తుడుచుకో. కానీ చక్రం వదలకు."

"రెండు చేతులూ దానిమీదే ఉన్నాయి. దేంతో తుడుచుకోను, నీ నాలుకతోనా?"

అది బావ వేసిన ఆఖరి జోకు. తర్వాత ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు. ఊపిరి, చక్రం, రాళ్ళు. మాస్టారు చెప్పడం, చక్రం కిర్రుమనడం. రాళ్ళు చిన్నవయ్యాయి. ఇసకయ్యాయి. ఒకచోట వంపు మూలిగింది, ఇనుము మూలిగితే అది మనిషి మూలుగులాగే ఉంటుంది. ఇద్దరూ ఆగారు. మూలుగు సద్దుమణిగింది. మళ్ళీ చక్రం. ఇసక జల్లుజల్లుగా సన్నబడి, ఇక ఏమీ వినిపించలేదు.

ఆ నిశ్శబ్దం ఏ రకందో మాస్టారికి తెలియలేదు.

"బావా?"

మాస్టారు ఫోనుని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నారు.

"బావా!"

"చక్రం ఇక తిరగట్లేదురా," అన్నాడు బావ. ఆ గొంతులో నవ్వు అనేది లేకుండా మాస్టారు వినడం అదే మొదటిసారి. "అయిపోయింది. నేను కింద కూర్చున్నా. లేవలేకపోతున్నా."

సాయంత్రం అక్క వడ్డించింది. ఎవరి వంతూ ఎవరూ ముట్టలేదు. బావ చేతిలో ముద్ద నోటిదాకా పోవడంలేదు. "ఏం జరిగిందిరా ఇద్దరికీ?" అని అడిగింది. అక్క ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఇంకేమీ అడక్కుండా బావ పక్కన కూర్చుని, చంటిపిల్లాడికి పెట్టినట్టు తనే ముద్ద చేసి పెట్టింది. బావ తిన్నాడు. వేళాకోళం లేని ఆ ఇంట్లో గోడగడియారం చప్పుడు పెద్దదిగా వినిపించింది. మాస్టారు చెయ్యి కడుక్కుని బయటికొచ్చేశారు.

గొట్టం చల్లారాక ఫ్యాక్టరీవాళ్ళు వంపుని కోశారు, నిజం కత్తితో. లోపలి గోడ తేనెపట్టులా ఉంది. ఇంజనీరు బొటనవేలితో నొక్కితే సొట్టపడింది. ఆయన ఆ వేలు వంకే చాలాసేపు చూసుకున్నాడట. బావ వీపు తట్టడానికి చెయ్యెత్తి, ఎందుకో దించేసుకున్నాడట.

మర్నాడు పొద్దున డైరెక్టరమ్మ గోడమీది "కదిలేదే నిజం" పీకేశారు. అంటించి ఎన్నేళ్ళయిందో, కాగితం ఊడొచ్చినా వెనక గోడమీద తెల్లటి నలుచదరం మిగిలిపోయింది. ఆవిడ దాన్ని చూస్తూ నిలబడిపోయారు.

"మాస్టారూ, ఈ జల్లెడ ఎప్పట్నుంచి వాడుతున్నాం?"

"నేను చేరకముందు నుంచే మేడమ్."

"మీరు చేరకముందు నుంచే," అని ఆవిడ మెల్లగా అన్నారు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

లాబు తరిగినవి ఒక్క ఫ్యాక్టరీ గొట్టమేనా? మందుల కంపెనీలవి ఉన్నాయి, కరెంటు తయారయ్యేచోటివి ఉన్నాయి, మంచినీళ్ళ పంపులవి ఉన్నాయి. అన్నీ జల్లెడలోంచే పోయాయి. అన్నిటికీ "లోపల అంతా సవ్యం" అని రాసిచ్చారు. సంతకాలు రకరకాలు, మాట మాత్రం ఒక్కటే. పచ్చి బొమ్మలు అన్నీ భద్రంగా ఉన్నాయి. ఆ లాబులో ఏదీ పారేయరు, కదలనిది తప్ప.

మాస్టారు కుర్చీ లాక్కుని మొదటిది తెరిచారు. జల్లెడ తీసేసి నడిపించారు. ఒక మరక ఉంది. నీరు ఆగినా ఉంది. నలకే. ఆయన కళ్ళు మూసుకుని తెరిచారు. ఇంకొకటి తెరిచారు. అదీ నలకే. డైరెక్టరమ్మ వెనకనుంచి ఒంగి చూస్తున్నారు, ఆవిడ ఊపిరి ఆయన చెవికి తగులుతోంది. ఆ తర్వాతి దానిలో గొట్టం మెడ సన్నబడేచోట, గోడని పట్టుకుని, నల్లగా, నిదానంగా ఒకటి కూర్చుని ఉంది. నీరు ఆగింది. మాయమైంది.

అది ఎన్నో ఏళ్ళ కిందటి పని. ఆ గొట్టం ఏ ఊళ్ళో ఉందో, ఇంకా ఉందో లేదో మాస్టారికి తెలియదు. డైరెక్టరమ్మ నంబరు వెతికి ఆయన ముందు పెట్టారు. ఆయన ఫోను కలిపారు. చాలాసేపు మోగింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"మీరు నన్నెరగరండీ," అన్నారు మాస్టారు. "మీ దగ్గర పంపు దాటాక మెడ సన్నబడే గొట్టం ఒకటి ఉండాలి. ఉందా?"

"ఉంది. నడుస్తోంది కూడా. ఏం?"

"దాన్ని ఆపకండి. నేను చెప్పేదాకా ఏదీ ఆపకండి. ముందు ఇది చెప్పండి, ఇప్పుడు దాని పక్కన ఎవరైనా ఉన్నారా?"

"మా అన్నయ్య," అంది ఆవిడ. "ఏమైందండీ?"